కాకి తెచ్చిన తొండ సాక్ష్యం

ఏటి ఒడ్డు బీడులో గేదెల వీపుల మీద పిడుదులు ఏరే కాంట్రాక్టంతా కాకి నూకయ్యదే. ముక్కు అరిగేలా ఏరేది మాత్రం అతని దగ్గర పనిచేసే గోరింక సింగారి. రక్తం తాగి బలిసినవన్నీ నూకయ్యకి, నలుసులు సింగారికి. వాటితోనే పాపం గూట్లో పిల్లల్ని సాకాలి!

ఒకరోజు గేదె పోలమ్మ మెల్లిగా అడిగింది. "ఏమే సింగారీ, నువ్వు ఏరితే హాయిగా ఉంటుంది. ఆ నూకయ్య వాలితే నా పుండు పొడుస్తాడు. వాణ్ణి మానిపించేస్తా, నువ్వే సొంతంగా రారాదూ?"

"అమ్మో, ఆ మాటొద్దు పోలమ్మత్తా! ఆయన పనిలో ఉండి ఆయన బేరం లాక్కోను."

మర్నాడు నూకయ్య ఎదుటే నిలబడి చెప్పేసింది. "అయ్యా, మీ పని మానేస్తున్నాను. ఇక నా బతుకు నేను బతుకుతాను."

ఆ సంగతి విని పోలమ్మ మళ్ళీ పిలిచింది. ఈసారి సింగారి వెళ్ళింది.

నూకయ్యకి ఒళ్ళు మండిపోయింది. పెద్దమనిషి మేకపోతు దగ్గర పంచాయితీ పెట్టాడు.

"తాతా, మానేసినా ఈ బీడులో ఏ గేదె మీదా వాలనని పనిలో చేరిననాడే ఒట్టేసింది! పైగా నా ఉప్పు తింటూనే పోలమ్మని బుట్టలో వేసుకుంది. ఇదిగో సాక్షి!" అంటూ తొండని ముందుకు తోశాడు. "చెప్పరా, ఇది నా బేరం చెడగొట్టిందా లేదా?"

తొండ తలాడించింది.

"చూశారా!" అని నూకయ్య రెక్కలు విదిల్చాడు.

ఇక్కడ ఓడితే పిల్లలు పస్తే. సింగారి ఒక్క గెంతు గెంతి తొండని నిలదీసింది. "ఏం తొండ మావా, పోలమ్మత్త రమ్మన్నా నేను రానన్నానా లేదా?"

తొండ తలాడించింది.

"నూకయ్య ఆమె పుండు పొడిచాడా?"

మళ్ళీ ఆడించింది.

"నీకు తలాడించడం తప్ప ఇంకేమీ రాదు కదూ?"

దానికీ ఆడించింది! బీడంతా గొల్లున నవ్వింది.

"సాక్షిగా నీకు ఇంకెవరూ దొరకలేదట్రా నూకయ్యా?" అని మేకపోతు పోలమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా."

"పిలిచింది నేనే తాతా. పనిలో ఉన్నన్నాళ్ళూ అది రానంది. మానేశాకే వచ్చింది."

"మరి ఒట్టో?" నూకయ్య గింజుకున్నాడు.

"మానేసినా ముక్కు కట్టేసుకోమంటే అదేం తిని బతకాలిరా? ఆ ఒట్టు చెల్లదు, పో!"

"అయితే నా గేదె..."

"నీ గేదేంటి?" సింగారి కస్సుమంది. "పోలమ్మత్త వీపు పోలమ్మత్తది. దమ్ముంటే నాకంటే బాగా ఏరు, ఆమే నిన్ను పిలుస్తుంది!"

ఆ మాటకి రోషమొచ్చి నూకయ్య పోలమ్మ వీపు మీద వాలబోయాడు. ఆవిడ తోకతో ఒక్కటిచ్చింది. కాంట్రాక్టరు గారు వెళ్ళి బురదలో పడ్డారు.

నీతి: పనిలో ఉండగా యజమాని బేరానికి కన్నం వెయ్యకూడదు, పని మానేశాక మన బతుక్కి తాళం వెయ్యడానికి వాడెవడు?