ఎనిమిది స్క్రీన్ల సాలీడు, రెండు కళ్ల ఏదుపంది

అనగనగా ఒక కొండ అడవి. అడవంటే మరీ మారుమూల అనుకునేరు! కరెంటు స్తంభాలు, నెట్ కనెక్షన్లు అన్నీ ఉన్న అడవి అది. అక్కడ వాగు ఒడ్డున ఒక బొరియలో కొండమ్మ అనే ఏదుపంది తన ఇద్దరు పిల్లలతో కాపురం ఉండేది.

ఏదుపంది తెలుసు కదా? ఒంటినిండా పొడుగాటి ముళ్లు ఉంటాయి. ఉలిక్కిపడితే చాలు, అన్నీ ఒక్కసారిగా నిక్కబొడుచుకుంటాయి. కొండమ్మ మనసు మాత్రం వెన్న.

ఆ అడవిలో రోజూ పొద్దున తొమ్మిదింటికి సంత మొదలయ్యేది. గంపలు నెత్తిన పెట్టుకుని వెళ్లే సంత కాదు, అంతా కంప్యూటర్లలోనే. తేనె, కుంకుడుకాయలు, చింతపండు, ఇప్పపువ్వు ధరలు నిమిషానికో తీరుగా మారేవి. పొద్దున కొన్న సరుకు సాయంత్రంలోపు అమ్మేసి, మిగిలిన లాభం దాచుకునేవారు. దాన్నే డే ట్రేడింగ్ అనేవారు. డబ్బుకు బదులు అక్కడ గింజల బుట్టలు చెల్లేవి.

కొండమ్మ తేనె, కుంకుడుకాయలు, ఈ రెండింటిలోనే బేరం చేసేది. నెలకు ఒకటో రెండో బుట్టలు మిగిలేవి. ఒక్కోసారి పోయేవి కూడా. చిక్కల్లా ఆమె ఫోనుతోనే. చిన్న ఫోను, పైగా అద్దం పగిలింది. ఒక పొద్దున కుంకుడుకాయల ధర జారిపోతుంటే ఫోను బిగుసుకుపోయింది. కొండమ్మ గోటితో ఎంత పొడిచినా ఉలకదు, పలకదు. తీరా అది కదిలేసరికి ఒక బుట్ట గింజలు హరీమన్నాయి.

"దీన్ని నమ్ముకుంటే మునిగినట్టే. కంప్యూటర్ కొనాల్సిందే," అనుకుంది కొండమ్మ.

మునగడం అంటే ఆమెకు మామూలు భయం కాదు. వానాకాలంలో వాగు పొంగి బొరియలోకి నీళ్లు వచ్చేవి. పోయినేడు పిల్లలిద్దరూ మెడలోతు నీళ్లలో నిలబడి వణికిపోయారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కొండమ్మ గుండె గుబేలుమనేది. మెట్ట మీద, ఒళ్లంతా పెంకులుండే అలుగు తాతకు ఒక ఖాళీ బొరియ ఉంది. "నెలకో బుట్ట బాడుగ ఇచ్చుకో తల్లీ. తొలకరిలోపు వస్తే అది నీదే," అన్నాడు తాత. ఆ బాడుగ ట్రేడింగ్‌లోంచే రావాలి. కొండమ్మ దగ్గర ఉన్నవల్లా ఇరవై బుట్టలు. కంప్యూటరూ వాటితోనే కొనాలి, బేరమూ వాటితోనే చెయ్యాలి.

ఇక ట్రేడింగ్‌లో ఆ అడవి మొత్తానికి గొప్ప పేరు సాలీడు లచ్చక్కది. రెండు మద్దిచెట్ల మధ్య వల అల్లి, దానికి ఎనిమిది స్క్రీన్లు వేలాడదీసింది. వచ్చేపోయేవాళ్లంతా ఆగి నోళ్లు వెళ్లబెట్టి చూసేవాళ్లు. కొండమ్మ కూడా చూసింది. చూసి, "ఎనిమిది స్క్రీన్లు ఉండబట్టే లచ్చక్కకు అంత రాబడి. నాకూ అవే కావాలి," అని గట్టిగా అనేసుకుంది.

వెంటనే నెమలి రంగనాథం కంప్యూటర్ల కొట్టుకు బయలుదేరింది. రంగనాథం కొట్టు కూడా రంగనాథంలాగే తళతళా మెరిసిపోతూ ఉంటుంది.

"రంగన్నా, లచ్చక్క దగ్గరున్నట్టు ఎనిమిది స్క్రీన్ల సెట్టు ఎంత?" అని అడిగింది.

"నీకు కాబట్టి పంతొమ్మిది బుట్టలు చెల్లెమ్మా," అన్నాడు నెమలి. "ఇదిగో, గేములాడే గ్రాఫిక్స్ కార్డు. అదిగో, ఏడు రంగుల్లో వెలిగే ఫ్యాను. పెట్టె కూడా అద్దాలదే!"

"మరి బేరానికి నాకు ఒక్క బుట్టే మిగులుతుందే?"

"ముందు సెట్టు పెట్టు. గింజలు అవే వచ్చి పడతాయి!" అని నెమలి పురివిప్పాడు.

ఆ పురి ముందు ఎవరికి మాత్రం తల తిరగదు? కొండమ్మ ఒక బుట్ట బయానా ఇచ్చేసి, "రేపొచ్చి తీసుకెళ్తా," అని చెప్పింది. సంతోషం పట్టలేక దారిలోనే లచ్చక్క దగ్గర ఆగింది.

"అక్కా! ఇకనుంచి నాక్కూడా ఎనిమిది స్క్రీన్లు!"

లచ్చక్క నవ్వలేదు, మెచ్చుకోలేదు. "అలాగా? అయితే ఒకసారి ఇలా వచ్చి కూర్చో. ఈ ఎనిమిదింటినీ నువ్వే చూడు. నేను అడుగుతుంటాను, ధరలు చెప్పు," అంది.

కొండమ్మ ఠీవిగా కూర్చుంది.

"తేనె ఎంత?" అని అడిగింది లచ్చక్క.

కొండమ్మ తల ఎడమకు తిప్పింది. తేనె అక్కడ లేదు. కుడికి తిప్పింది. దొరికేసరికి ధర మారిపోయింది.

"కుంకుడుకాయలు ఎంత?"

పైన చూసింది, కింద చూసింది. చింతపండు ధర చదివేసి నాలుక కరుచుకుంది.

"అయ్యో, తేనె పడిపోతోందే!" అని ఉన్నట్టుండి అరిచింది లచ్చక్క.

కొండమ్మ ఉలిక్కిపడింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. వల సగం పర్రున చిరిగింది!

"అయ్యయ్యో, క్షమించక్కా!" అంది కొండమ్మ, ఏడుపు గొంతుతో.

"వలదేముందే, రేపటికి మళ్లీ అల్లుకుంటా. నువ్వు నా మొహం సరిగ్గా చూడు. నాకు కళ్లెన్ని?"

కొండమ్మ దగ్గరికి వచ్చి చూసింది. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది!

"ఇన్నాళ్లూ నా స్క్రీన్లు లెక్కపెట్టావు గానీ, నా కళ్లు లెక్కపెట్టలేదు," అంది లచ్చక్క. ఈసారి నవ్వేసింది. "నీవి రెండు కళ్లు. నువ్వు చూసే సరుకులు రెండు. గింజలన్నీ సామానుకే పోస్తే బేరం దేంతో చేస్తావే, ఫ్యానుకున్న రంగులతోనా?"

కొండమ్మకు సిగ్గేసింది. ఆ వెనకే ప్రాణం తేలికపడినట్టూ అయింది.

"ఇంకో మాట," అంది లచ్చక్క. "పదింటికి కోతులు ఆ కరెంటు తీగల పక్క కొమ్మల్లో ఊగుతాయి. కొమ్మ తీగకు తగిలితే కరెంటు పోతుంది. పోయినేడు నేనలాగే బాగా నష్టపోయాను. కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ పెట్టె ఉంటుంది, యూపీఎస్ అంటారు. అది మాత్రం మర్చిపోకు. నెట్ పెట్టెను కూడా దానికే తగిలించుకో."

కొండమ్మ రాలిన ముల్లు ఒకటి తీసుకుని, టేకాకు మీద అన్నీ రాసుకుంది. మర్నాడు ఆ ఆకు పట్టుకుని కొట్టుకు వెళ్లింది.

"రంగన్నా, చకచకా పనిచేసే మామూలు కంప్యూటర్ ఒకటి. కొత్త స్క్రీన్ ఒకటి. మూలన దుమ్ముపట్టిన ఆ పాత స్క్రీన్ ఇంకొకటి. ఒక యూపీఎస్."

నెమలి తోక వాలిపోయింది. "రంగుల ఫ్యానైనా తీసుకో చెల్లెమ్మా!"

"ఆ రంగులు చూస్తూ కూర్చుంటే ధరలు ఎవరు చూస్తారన్నా?"

మొత్తం కలిపి ఆరు బుట్టలైంది. బయానా పోను ఇంకో అయిదు ఇచ్చింది. పద్నాలుగు బుట్టలు కదలకుండా మిగిలాయి. పాత స్క్రీన్ దుమ్ము తుడిచి చూస్తే కొత్తదానికేమీ తీసిపోలేదు.

ఆ ఎనిమిది స్క్రీన్ల సెట్టు మాత్రం ఊరికే ఉంటుందా? ఆ సాయంత్రమే అడవిపంది బండన్న వచ్చి, దాచుకున్నదాంట్లో చాలావరకు ఊడ్చి కొనుక్కుపోయాడు. కొండమ్మ ఇంటి ముందునుంచే మోసుకెళ్తూ, "రెండేనా చెల్లెమ్మా? పాపం!" అన్నాడు. కొండమ్మకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున తేనె ధర ఎక్కుతోందని కొండమ్మ నాలుగు బుట్టలు పెట్టి తేనె కొంది. బండన్న కూడా తనకు మిగిలిన మూడు బుట్టలూ తేనెలోనే పెట్టాడు. సరిగ్గా పదింటికి కోతులు వచ్చాయి. కొమ్మ ఊగింది, తీగకు తగిలింది, టప్పుమని అడవంతా కరెంటు పోయింది.

కొండమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. స్క్రీన్లు మాత్రం ఆరలేదు. యూపీఎస్ కీచుకీచుమంటూ పనిచేస్తోంది. ఒక స్క్రీన్‌లో తేనె ధర గిర్రున దిగిపోతోంది. అది చూసి, రెండో స్క్రీన్‌లో 'అమ్ము' అన్నచోట నొక్కేసింది. అరబుట్ట పోయింది. మూడున్నర చేతికి వచ్చాయి. హమ్మయ్య అని అక్కడే చతికిలబడిపోయింది.

బండన్న ఇంట్లో ఎనిమిది స్క్రీన్లూ నల్లగా ఉన్నాయి. మళ్లీ కరెంటు వచ్చేసరికి మూడు బుట్టల్లో రెండు పోయాయి. సాయంత్రం ఉసూరుమంటూ కొండమ్మ దగ్గరికి వచ్చాడు.

"కరెంటున్న రోజు మాత్రం ఏం చూశానులే చెల్లెమ్మా, ఏ స్క్రీన్‌లో ఏముందో వెతుక్కోవడమే సరిపోయింది," అన్నాడు.

కొండమ్మ అతన్ని దెప్పలేదు. ఉడికించిన దుంపలు పెట్టి, తన టేకాకు అతని చేతిలో పెట్టింది. మర్నాడు బండన్న ఆరు స్క్రీన్లు సగం ధరకు రంగనాథానికే తిరిగి ఇచ్చి, ఒక యూపీఎస్ తెచ్చుకున్నాడు.

ఆ తర్వాత కొండమ్మకు రోజూ లాభమే వచ్చిందా? రాలేదు. వచ్చిన రోజులున్నాయి, పోయిన రోజులున్నాయి. నెలాఖరుకు బాడుగ బుట్ట మాత్రం మిగిలింది. తొలకరికి రెండు రోజుల ముందే మెట్ట మీది బొరియలోకి మారింది.

వాన మొదలైంది. కింద వాగు హోరుమంటోంది. బొరియలో నేల పొడిపొడిగా ఉంది. కొండమ్మ ఆనాటి బేరం ముగించి కంప్యూటర్ ఆపేసి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాన చూస్తోంది. ఇంత హాయిగా వాన చూడటం ఆమెకు ఇదే మొదటిసారి.

"అమ్మా, లచ్చక్కకు ఉన్నట్టు మనం ఎనిమిది స్క్రీన్లు ఎప్పుడు కొంటాం?" అని అడిగాడు చిన్నవాడు.

"నాకు ఇంకో ఆరు కళ్లు మొలిచాక," అంది కొండమ్మ.

పిల్లలిద్దరూ వాన మాట మర్చిపోయి, అమ్మ నుదురు తడిమి తడిమి చూడటం మొదలుపెట్టారు.

నీతి: ఎదుటివాళ్ల సామాను చూసి కాదు, మన పనికేం కావాలో, మన చేతిలో ఎంతుందో చూసుకుని కొనుక్కోవాలి.