చినుకు పడే చోట చాప

సిరిపాలుడికి వచ్చిన కష్టమల్లా, నాయనలారా, చదువు తొందరగా వచ్చేయడం. నవ్వకండి. అదీ ఒక కష్టమే.

కృష్ణ ఒడ్డున ఒక కొండ. కొండ కింద చిన్నబడి, కొండ మీద పెద్దశాల. రెండూ ఒకే విహారం, రెంటి మీదా ఆ బుద్ధ భగవానుడి చల్లని నీడే. మీసం మొలవని చిన్న భిక్షువులు కింద చదువుకుంటారు. కింది చదువు ముగిశాక మెట్లెక్కి పైకి వెళతారు.

వానాకాలం వచ్చిందంటే మబ్బు దిగి కొండ నడుముని చుట్టేసేది. అప్పుడు కింది నుంచి చూస్తే పెద్దశాల కనపడదు. దాని దీపాలు మాత్రం కనపడతాయి. గోడ లేదు, కప్పు లేదు, తాడు లేదు, మబ్బులో ఊరికే వేలాడే దీపాలు! సంజెవేళ వాటిని చూస్తూ నిలబడితే సిరిపాలుడికి తను తడుస్తున్న సంగతే తెలిసేది కాదు.

ఆ విహారంలో ఒక మంచి ఆనవాయితీ ఉంది. ఇంకా కిందే చదువుతున్న పిల్లవాడైనా సరే, పైకి వెళ్ళి పెద్దశాల పాఠం ఒకటి తప్పు లేకుండా అప్పగిస్తే అది వాడి పేర జమ. రేపు పైకి వచ్చాక మళ్ళీ దాన్ని చదవనక్కర్లేదు. పరిగెత్తగలిగేవాడి కాళ్ళకు బంధం వేయకూడదని పూర్వులు దయతో పెట్టిన ఏర్పాటు అది.

ఆ దయని సిరిపాలుడు ఒక్క చుక్క మిగల్చకుండా వాడుకున్నాడు. తోటివాళ్ళు కింద మొదటి గాథలు వల్లె వేస్తుంటే, తను పైకి పోయి తర్కం అప్పగించి దిగి వచ్చేవాడు. పై ఆచార్యులు ముక్కున వేలేసుకున్నారు. "ఇంత చిన్నవాడు పెద్దశాలలో అడుగుపెట్టడం మేమెరగం" అన్నారు. ఆ మాట సిరిపాలుడి చెవి దగ్గర తేనెటీగలా తిరుగుతూనే ఉండేది.

ఇక మిగిలింది ఒక్కటే. కిందివాళ్ళతో కలిసి ఒక వర్షావాసం. అంటే, వానాకాలమంతా భిక్షువులు ఊళ్ళు తిరగకుండా ఒక కప్పు కింద ఒదిగి ఉండడం. అది అయిందని కింది గురువు ఒక్క మాట చెప్పాలి. వానలు తగ్గుముఖం పట్టాక పెద్దశాల తలుపు కొత్తవాళ్ళకు తెరుస్తారు. ఏడాదికి ఒక్కసారే. అప్పుడు దాటలేకపోతే మళ్ళీ వచ్చే వానల దాకా కిందే.

కింది గురువు ధర్మనంది స్థవిరులు. వయసు మళ్ళినవారు. మోకాళ్ళ నొప్పులు. మాట తక్కువ. పిల్లల్ని కోప్పడబోతే ముందు ఆయనకే నవ్వొచ్చేసేది, ఆ మహానుభావుడికి.

వానలు మొదలైన రోజునే సిరిపాలుడు పడుకునే చోట పెంకు జారింది. సరిగ్గా చాప మీద చినుకు. ఇటు జరిగితే ఒకడి మోచెయ్యి, అటు జరిగితే ఇంకొకడి కాలు. పక్క చాప నందికుడిది. అందరిలోకీ చిన్నవాడు, పాలపళ్ళు ఇంకా ఊడుతున్నవాడు. సిరిపాలుడి నెత్తిన చినుకు పడినప్పుడల్లా వాడు కిలకిలా నవ్వుతున్నాడు.

సిరిపాలుడు లేచి గురువు దగ్గరికి వెళ్ళాడు. "భంతే, ఇక్కడ నా చదువు సాగదు. పెద్దశాల అరుగు మీద పడుకుంటాను."

"పడుకో నాయనా. అదీ విహారమేగా."

అతను చాప చుట్టి చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. పిల్లలు వెతికి వెతికి ఒక మూతి విరిగిన మట్టికుండ తెచ్చి, అతని చోట, ఆ చినుకు కింద పెట్టారు.

ఇక ఆ వానాకాలం ఎలా గడిచిందో సిరిపాలుణ్ణి అడిగితే కల అని చెప్పేవాడు. తెల్లవారితే మబ్బు అరుగు మీదికి వచ్చి పిల్లిలా పక్కన పడుకునేది. చేతిలో తాటాకు, నోట్లో సూత్రం. ఎక్కడో కింద కృష్ణ పొంగుతున్న చప్పుడు. కింద పిల్లలు ఏడ్చినా, నవ్వినా, ఆ హోరులో కలిసిపోయేది. భోజనపు వరుసలో మాత్రం దిగి వచ్చి అందరితో కూర్చునేవాడు. అదీ కళ్ళు మూసుకుని, పాఠం నెమరేసుకుంటూ. అన్నమో, గంజో, ఏది తింటున్నాడో ఆ బుద్ధుడికే తెలియాలి.

వానలు పలచబడ్డాయి. పెద్దశాల తలుపు తెరిచే రోజు దగ్గరికొచ్చింది. సిరిపాలుడు గురువు పాదాలకు మొక్కాడు.

"భంతే, నా వర్షావాసం అయిందని పైవాళ్ళకు మాట పంపుతారా?"

"అడిగి పంపుదాం."

"ఎవరిని అడగాలి భంతే?"

"ఎవరితో ఉన్నావో వాళ్ళనే."

వర్షావాసం చివరి రోజున ఒక ఆచారం ఉంది, అమ్మా, వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తోటివాళ్ళ ముందు మోకరిల్లి, చేతులు జోడించి, "నాలో తప్పు చూసి ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను" అని అడగాలి. ఎదుటివాళ్ళు చెప్పాలి. పెద్ద భిక్షువులు చేసేదే. చిన్నబడి పిల్లల చేత కూడా ధర్మనంది చేయించేవారు.

ఆ ఉదయం పిల్లలు వరుసగా కూర్చున్నారు. సిరిపాలుడు తన పాత చోటికి వచ్చాడు. అక్కడ కుండ ఉంది. దాన్ని గోడవారకు జరిపి కూర్చున్నాడు.

మొదటివాడు మోకరిల్లాడు.

"నువ్వు నిద్రలో తంతావు," అన్నాడొకడు.

"దిద్దుకుంటాను."

"నా అరటిపండు తిని, కోతి ఎత్తుకుపోయిందన్నావు," అన్నాడు ఇంకొకడు.

"కోతి కూడా తిన్నది!"

"సగం నువ్వే తిన్నావు."

"...దిద్దుకుంటాను."

గురువుగారు పైబట్ట అంచు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

నందికుడి వంతు వచ్చింది. వాడి మీద పడ్డన్ని ఫిర్యాదులు ఎవరి మీదా పడలేదు. ఉరిమితే అరుస్తాడు, చీమిడి తుడుచుకోడు, గాథ మధ్యలో కప్పల్ని చూడ్డానికి పోతాడు. అన్నిటికీ వాడు గంభీరంగా "దిద్దుకుంటాను, దిద్దుకుంటాను" అంటూ తలూపాడు.

తర్వాత సిరిపాలుడు. వెన్ను నిటారుగా నిలిపి మోకరిల్లి, ఉచ్చారణ ఎక్కడా తొణకకుండా అడిగాడు. "నాలో తప్పు చూసి ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను."

ఎవరూ మాట్లాడలేదు.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు నోరు తెరిచి, గుర్తు తెచ్చుకోబోయి, మళ్ళీ మూశాడు. చూరు నుంచి నీళ్ళు జారుతున్నాయి.

అతను మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే నిశ్శబ్దం.

సిరిపాలుడి గుండె దూదిపింజలా పైకి తేలింది. ఒక్క తప్పు లేదు! ఒక్కటంటే ఒక్కటి! వెలుగుతున్న మొహంతో గురువు వైపు తిరిగాడు.

ధర్మనంది నేల మీద చెయ్యి ఊని, మోకాళ్ళు పట్టుకుని లేచారు. గోడవార నుంచి ఆ మూతి విరిగిన కుండను రెండు చేతులా తెచ్చి, వరుసలో సిరిపాలుడి పక్కన, చంటిబిడ్డను కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు.

"దీని వంతు," అన్నారు.

పిల్లలు పకపకా నవ్వారు. నవ్వు ఆగాక ఒకడు అందుకున్నాడు. "ఇది రాత్రంతా టిక్కు టిక్కుమంటుంది భంతే. నిద్ర పోనివ్వదు."

"నిండితే ముందుగా చెప్పదు. నా దుప్పటంతా తడిపేసింది."

"కాలికి అడ్డం వస్తుంది. ఇదిగో నా మోకాలు!"

"గాథ మరిచిపోతే దీని చప్పుడు పట్టుకుని మళ్ళీ మొదలెట్టేవాణ్ణి," అని ఇంకొకడు మెల్లిగా అన్నాడు. "అది తప్పు కాదులే."

నందికుడు ముందుకు జరిగి కుండ మీద చెయ్యి వేశాడు. "ఉరిమినప్పుడు నేను దీన్ని పట్టుకుని పడుకున్నాను భంతే. చల్లగా ఉంటుంది."

గురువుగారు వాడి తల నిమిరారు. తర్వాత అందరినీ చూస్తూ, చాలా మామూలుగా అడిగారు.

"కిందివాళ్ళతో వర్షావాసం చేసినవాణ్ణి పంపమని పైవాళ్ళు కబురు చేశారు. రేపు ఎవరిని పంపమంటారు?"

పిల్లలు మళ్ళీ నవ్వారు. సిరిపాలుడు నవ్వలేదు. అతను కుండలోకి చూస్తున్నాడు. అడుగున ఇన్ని నీళ్ళు, ఆ నీళ్ళలో పెంకు జారిన సందు, ఆ సందులో చిన్న ఆకాశం.

"వెళ్ళాలనుంటే వెళ్ళు నాయనా," అన్నారు గురువు అతనికి మాత్రమే వినపడేటట్టు. "తలుపు తెరిచే ఉంటుంది. నేను అడ్డు చెప్పను."

మర్నాడు మధ్యాహ్నం పోతూ పోతూ వాన మళ్ళీ ఒకసారి వచ్చింది. మబ్బు కొండ నడుముకి దిగింది. పగలే దీపాలు వెలిగించారేమో, పైన ఆ వెలుగులు వేలాడుతున్నాయి. పెద్దశాల శంఖం ఊదారు. కొత్తవాళ్ళను పిలిచే శంఖం. ఆ నాదం మబ్బులోంచి, తడిసిన మెట్ల మీదుగా, ఒక్కొక్క మెట్టూ దిగుతూ చిన్నబడి దాకా వచ్చింది.

చిన్నబడిలో పిల్లలు నిద్రపోతున్నారు. ఒక మూల కుండ బోర్లించి ఉంది. కుండ ఉండే చోట ఒక చాప పరచి ఉంది.

ఎక్కడో ఉరిమింది. నందికుడు నిద్రలోనే చెయ్యి చాపి, తడిమి, దొరికినదాన్ని గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు.

"అన్నా."

"ఊఁ."

"నీ భుజం ఎముక గుచ్చుకుంటోంది. కుండే నయం."

సిరిపాలుడి నుదుటి మీద చినుకు పడింది. అతను కదలలేదు.

"దిద్దుకుంటాను," అన్నాడు.