ఆముదం తాగిన బ్రేకు

అనగనగా అనగానే గుర్రాలూ రథాలూ తిరిగే కాలం అనుకోకండి పిల్లలూ. ఇది మోటారు కార్లు అప్పుడప్పుడే కొండలెక్కుతున్న కాలం నాటి ముచ్చట. తూర్పు కొండల మీద గండిగూడెం అని ఒక చిన్న సంస్థానం ఉండేది. దానికి రాజు సోమశేఖర భూపతి.

భూపతికి కోట ఉంది. కోట మీద ఎనిమిది ఫిరంగులున్నాయి. మూతి మీద బారెడు మీసాలున్నాయి. లేనిదల్లా ధైర్యం ఒక్కటే. చప్పుడంటే చాలు, ఆయన గుండె జారిపోయేది. పిట్టగోడ మీద పిల్లి దూకితే లేచి కూర్చునేవాడు. బల్లి పలికితే ఆ రోజుకి ప్రయాణం మానేసేవాడు.

నవ్వకండి. దానికి కారణం ఉంది. ఆయన పసివాడుగా ఉన్నప్పుడు తండ్రి ఎక్కిన పల్లకీ బొంగు కిర్రుమంది. నాలుగడుగులు వేశాక ఫెళ్ళున విరిగింది. ఆ పెద్దాయన లోయలో పడి మరి లేవలేదు. వెనక నడుస్తూ ఆ కిర్రు విన్న పసివాడు, ఆ చప్పుడే తండ్రిని పొట్టన పెట్టుకుందని నమ్మాడు. బొంగుకు లోపల పుచ్చు పట్టిందన్న సంగతి ఆ పసిమనసుకు ఎక్కలేదు. పెద్దయ్యాకా ఎక్కలేదు.

అలాంటి రాజుకి కారు కావాలన్న కోరిక పుట్టింది. రేవు పట్నంలో పాత కార్లు అమ్మే మాధవయ్య అనే వర్తకుడున్నాడు. జనం అతన్ని మెరుగుల మాధవయ్య అనేవారు. తుప్పు మీద రంగు వేసేవాడు, రంగు మీద మైనం రుద్దేవాడు, ఆ మెరుపులో కొనేవాడికి తన మొహమే అందంగా కనబడేది. ఎవరో దొర వాడి వదిలేసిన కారొకటి కొండకు తోలుకొచ్చి, "మహాప్రభో, చప్పుడన్నది ఎరగని బండి ఇది" అన్నాడు. రాజుకి ఆ ఒక్క మాట చాలింది.

నెల తిరగకుండానే కారు మూలగడం మొదలుపెట్టింది.

మొదటి డ్రైవరు వచ్చి, "ప్రభూ, గేరు పెట్టె మూలుగుతోంది. లోపల పళ్ళు అరిగినట్టున్నాయి" అన్నాడు. రాజు వణికిపోయాడు. "అపశకునం పలికిన నోరు నా కొండ మీద ఉండకూడదు" అని అతన్ని పెళ్ళాం పిల్లలతో సహా కొండ దింపేశాడు. మాధవయ్య వచ్చాడు. ఎవరూ చూడకుండా డజను మగ్గిన అరటిపళ్ళు గేరు పెట్టెలో కుక్కాడు. మూలుగు ఆగింది.

రెండో డ్రైవరు వచ్చి, "ప్రభూ, బ్రేకు కీచుమంటోంది. పట్టీలు మార్చాలి" అన్నాడు. అతనూ కొండ దిగాడు. మాధవయ్య మళ్ళీ వచ్చాడు. వెనక చక్రాల్లోకి, బ్రేకు పట్టుకునే చోట, రెండు గిద్దల ఆముదం పోశాడు. కీచు ఆగింది. జారుడు మొదలైందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మూడో డ్రైవరు నూకరాజు. ముసలి తల్లి, భార్య, ముగ్గురు ఆడపిల్లలు అతని చేతి మీద బతుకుతున్నారు. ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తే అతను రాజు దగ్గరకు వెళ్ళలేదు. గుట్టుగా మాధవయ్యకే కబురు పెట్టాడు. మాధవయ్య స్టీరింగు కడ్డీ వదులైన చోట గోనె పీలికలు బిగించి చుట్టాడు. "చప్పుడు పోయిందా లేదా? మరింకేం కావాలి నీకు?" అన్నాడు.

అది బాగుచేయడం కాదని నూకరాజుకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాడు. కోట చుట్టూ చదును నేల మీద తిరిగినన్నాళ్ళూ గండం దాగింది.

రాజుకు ఒక్కతే కూతురు, ఏడేళ్ళ కుముదిని. ఆ పిల్ల మీద రాజుకు పంచప్రాణాలు. చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టామని మైదానంలో ఉన్న అమ్మమ్మ కబురంపింది. "కారులోనే దిగుదాం" అన్నాడు రాజు. కొండ దిగే ఆ ఘాటీ దారికి తొమ్మిది మలుపులు. ప్రతి మలుపులో ఒక పక్క కొండ, ఒక పక్క అడుగు కనబడని లోయ. 'చెబితే కొండ దిగిపోవాలి, చెప్పకపోతే లోయలోకి దిగాలి' అనుకున్నాడు నూకరాజు. మూడు రోజులు ముద్ద మింగుడు పడలేదు. అయినా చెప్పలేదు.

ఘాటీ మొదట్లో పసుపు రాసిన అమ్మవారి రాయి ఉంది. ఆ దారికి ఒక ఆచారం ఉంది. కిందికి దిగే ఏ బండి అయినా అక్కడ ఆగాలి, చక్రం కింద రాయి పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి. ఆ తరవాత కొంచెం దిగువన కొలిమి పెట్టుకున్న గవరయ్య వచ్చి చక్రాల మీద చెయ్యి వేసి చూడాలి. అతను 'వెళ్ళు' అంటేనే రాయి తీసి, నిమ్మకాయల మీదుగా బండిని దింపాలి. నలభై ఏళ్ళు సుత్తి మోతలో బతికి గవరయ్యకు చెవులు పోయాయి. పిడుగు పడ్డా వినబడదు. అయినా అతను చెయ్యి వేసిన బండి ఏదీ ఆ లోయలో పడలేదు.

ఆ పొద్దున నూకరాజు కారును నత్తనడకన తెచ్చాడు. అది ఆగీ ఆగకముందే బంట్రోతులు చక్రం కింద రాయి పెట్టారు. సాగనంపడానికి వచ్చిన ఊరి జనం ముందు రాజు దిగి కొబ్బరికాయ కొట్టాడు. కుముదిని వెనక సీట్లో కూర్చుని ఉంది. గవరయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సెవిటోడు బండినేటి సూస్తాడని అనుకోకండి మారాజా. ఒక్క పాలి సెయ్యెయ్యనియ్యండి" అన్నాడు, చెవిటివాళ్ళకు అలవాటైన పెద్ద గొంతుతో. ఆ గొంతుకే రాజు ఉలిక్కిపడ్డాడు.

గవరయ్య వెనక చక్రం మీద అరచెయ్యి ఆనించాడు. మొహం ముడుచుకున్నాడు. "కోట కాడి నుంచి ఇక్కడికి దిగుడే గదా. బ్రేకు పట్టుకుంటే ఈ సక్రం ఎచ్చబడాల. ఇదేటి, సల్లగుంది?" అని వేలు లోపల పెట్టి వాసన చూశాడు. "ఆముదం."

రాజు డ్రైవరు వైపు తిరిగాడు. "నూకరాజూ, బ్రేకులో లోపం ఉందా?"

"లేదు ప్రభూ."

గవరయ్య కారు కిందికి దూరాడు. గేరు పెట్టె అంచున కారుతున్న జిగురును వేలితో తీసి, బయటికొచ్చి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇనప పెట్టిలో అరిటిపండు వోసనేటి బాబూ? దీన్నెవులో మేపినారు."

"నూకరాజూ, గేరులో లోపం ఉందా?"

"లేదు ప్రభూ."

గవరయ్య ముందు చక్రం పట్టుకుని, స్టీరింగు తిప్పమని నూకరాజుకు సైగ చేశాడు. "నువ్వు బెత్తెడు తిప్పితే గానీ సక్రానికి కబురందనేదు. మలుపులో బెత్తెడు అంటే ఏటో నీకు తెల్దా?"

"చెప్పు నూకరాజూ. లోపం ఉందా, లేదా?" రాజు మీసాలు వణుకుతున్నాయి. నూకరాజు వెనక సీట్లోని పాపను చూశాడు. తన ముగ్గురు పిల్లలూ కళ్ళలో మెదిలారు. మొదటి డ్రైవరు మూట నెత్తిన పెట్టుకుని కొండ దిగిన తీరు మెదిలింది.

"లేదు ప్రభూ" అన్నాడు మూడోసారి.

గవరయ్య అతన్నే చూస్తున్నాడు. "నీ నోరేటి సెప్పిందో నాకినపడనేదు. నీ సేతులు మాత్రం వొణుకుతున్నాయి" అన్నాడు.

భయస్థుడు రెండే పనులు చేస్తాడు. పారిపోతాడు, లేకపోతే అరుస్తాడు. ఊరి జనం చూస్తుండగా పారిపోవడం ఎలా? అందుకని రాజు అరిచాడు. "శుభమా అని బయల్దేరితే ఈ అపశకునం మాటలేమిటి? ఈ ముసలివాణ్ణి అవతలికి పంపండి. రాయి తీయండి. నిమ్మకాయలు పెట్టండి."

గవరయ్యకు మాట వినబడకపోయినా చెయ్యి చూపిన దిక్కు కనబడింది. తల వంచుకుని కొలిమి వైపు దిగిపోయాడు. బంట్రోతులు నిమ్మకాయలు పెట్టి, రాయి తీశారు.

రాజు కారెక్కడానికి ఒక కాలు పైన పెట్టాడు. నిమ్మకాయలు చితికాయి. కారు కదిలింది.

రాజు కింద పడ్డాడు. కారు ఆగలేదు. నూకరాజు బ్రేకు తొక్కాడు. కాలు అడుగుదాకా పోయింది గానీ చక్రం ఆగలేదు. కింది గేరుకు లాగాడు. అరటిగుజ్జులో పళ్ళు జారాయే తప్ప పట్టలేదు. కొండ వైపు తిప్పుదామని స్టీరింగు బలంగా తిప్పాడు. గోనె పీలికలు పుటుక్కున తెగాయి. చక్రం లోయ వైపే చూస్తోంది. మొదటి మలుపు ముప్ఫై గజాల దూరంలో ఉంది, వెనక పాప కూర్చుని ఉంది, కారు పిల్లిలా చప్పుడు లేకుండా పోతోంది.

అప్పుడు నూకరాజు నోరు పెగిలింది. "బ్రేకు లేదు! పాపను పట్టుకోండి!"

ఆ కేక కొండంతా వినబడింది, ఒక్క గవరయ్యకు తప్ప. అతను కొలిమి ముందు ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. వెనక నుంచి బండి మీదికొస్తున్నా తెలియదు. బంట్రోతులు కళ్ళు మూసుకున్నారు. రాజు దుమ్ములో పడి పాకుతున్నాడు.

గవరయ్యకు చెవులు లేకపోయినా కాళ్ళున్నాయి. చెప్పుల్లేని పాదాల కింద నేల అదిరింది. ఆ అదురు అతనికి నలభై ఏళ్ళుగా తెలుసు. తిరిగి చూశాడు. ఆలోచించలేదు. ఇనుము పెట్టి కొట్టే దాగలిని ఒక్క తోపుతో పడగొట్టి, దాని కింది చింతమొద్దును భుజంతో దారికి అడ్డంగా దొర్లించాడు. కారు మొద్దును గుద్దుకుంది, ఎగిరింది, పక్కకు ఒరిగి ఆగింది. ముందు చక్రం ఒకటి లోయ మీద గాలిలో తిరుగుతోంది.

గవరయ్య తలుపు తీసి పాపను రెండు చేతులా ఎత్తుకుని దింపాడు. రాజు పరుగున వచ్చి కూతుర్ని గుండెకు హత్తుకున్నాడు. ఆయన పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

"నాన్నగారూ, ఏ చప్పుడూ రాలేదు కదా? మరి ఎందుకు పడిపోబోయాం?" అంది కుముదిని.

ఎన్నో ఏళ్ళ నాటి పల్లకీ రాజు చెవుల్లో మళ్ళీ కిర్రుమంది. ఆ రోజు బొంగు ముందే చెప్పింది. మోసేవాళ్ళు విన్నారు. పెద్దాయనకు కోపం వస్తుందని ఎవరూ మాట్లాడలేదు. చప్పుడు తండ్రిని చంపలేదు. కాపాడబోయింది.

నూకరాజు వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "నాకు తెలుసు ప్రభూ. మూడూ తెలుసు. నాకు ఏ శిక్ష వేసినా సరే."

"నీ నోటికి తాళం వేసింది నేనే. ఇక శిక్ష ఎవరికి వేయను?" అన్నాడు రాజు. ఆ మాట అనడానికి ఆయనకు ఫిరంగి పేల్చినంత ధైర్యం కావలసి వచ్చింది.

మాధవయ్యకు కబురు వెళ్ళింది. అతను వచ్చి, బండి బంగారంలాంటిదని ఒట్టు మీద ఒట్టు వేశాడు. రాజు వాదించలేదు. కారును మళ్ళీ అమ్మవారి రాయి దగ్గరకు లాగించి, చక్రానికి రాయి పెట్టించి, "అయితే తమరు కూర్చుని దిగి చూపించండి" అన్నాడు. మాధవయ్య కూర్చున్నాడు. బంట్రోతు రాయి మీద చెయ్యి వేశాడో లేదో, అతను కిందికి దూకి అరటిపళ్ళ దగ్గర్నుంచి ఆముదం దాకా అంతా కక్కేశాడు. కుళ్ళిన ఆ అరటిగుజ్జును గేరు పెట్టెలోంచి అతని చేతులతోనే తీయించారు. కారు బాగయ్యేదాకా గవరయ్య కొలిమి తిత్తి కూడా అతనే ఊదాడు.

గవరయ్య, నూకరాజు కలిసి తొమ్మిది రోజులు పని చేశారు. అరిగిన గేరు పళ్ళు మార్చారు. బ్రేకును సోడాతో కడిగి కొత్త పట్టీలు వేశారు. స్టీరింగు కీలుకు కొత్త చీల కొట్టారు. వెళ్ళిపోయిన డ్రైవర్లిద్దరినీ రాజు పల్లకీ పంపి రప్పించాడు.

ఇంకో ముహూర్తానికి కారు ఘాటీ దిగింది. మొదటి మలుపులో బ్రేకు కీచుమంది. రాజు సీటు అంచు పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఆయనకు భయం పోయిందని చెబితే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. కానీ ఈసారి ఆయన అరవలేదు.

"ఏమిటది నూకరాజూ?" అని అడిగాడు.

"కొత్త పట్టీ ప్రభూ. ఇంకా ఇమడలేదు. కానీ గట్టిగా పట్టుకుంటోంది."

తొమ్మిది మలుపుల్లోనూ కీచుమంది. తొమ్మిదిసార్లూ రాజు అడిగాడు. తొమ్మిదిసార్లూ నూకరాజు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వెనక సీట్లో కుముదిని ఆ కీచులు లెక్కపెడుతూ కింది దాకా నవ్వుతూనే ఉంది. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని చెవులు కుట్టించుకుంటున్నప్పుడు మాత్రం కొండ దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ చప్పుడుకు రాజు ఉలిక్కిపడలేదు.

కథ కొండ దిగింది, నీతి మన ఇంటికొచ్చింది: చప్పుడు నోరు నొక్కితే లోపం పోదు, లోపల పెరుగుతుంది, ఉన్నమాట చెప్పేవాడికి భయం లేనిచోటే బండికైనా రాజ్యానికైనా క్షేమం.