గడప పన్ను మాఫీకి అడ్డొచ్చిన ఊయల

గజపాల మహారాజుగారి కొలువుకూటం కప్పు ఒక వానాకాలం కురవడం మొదలుపెట్టింది. బాగుచేయిస్తే ఖర్చు కదా! అందుకని రాజుగారు లేఖకులందరినీ ఇళ్ల దగ్గరే కూర్చుని రాయమన్నారు.

"సిరా, దీపానికి నూనె మీవే. రాతకు వాడే గదికి మాత్రం గడప పన్ను మాఫీ" అని దయచూపారు. ఆ రాజ్యంలో ఇంటికి ఎన్ని గడపలుంటే అన్ని వరహాలు పన్ను.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? కోశాధికారి విరూపణ్ణ ఓ మెలిక పెట్టాడు. రాతగదిలో ఇంటి వస్తువు ఒక్కటి కనిపించినా అది ఇల్లేనట, మాఫీ లేదట.

లేఖకుడు ఓబులయ్యకు ఉన్నవే రెండు గదులు. ఒకదాంట్లో వంట. రెండోదాంట్లో రాజుగారి శాసనాలు, వాటి పక్కనే మూడు నెలల కూతురి ఊయల. తనిఖీకొచ్చిన విరూపణ్ణ ఊయలను చూసి మీసం దువ్వాడు.

"మాఫీ కోసం అబద్ధమాడావు. పదింతలు జరిమానా. రేపటిలోగా కట్టకపోతే ఇల్లు వేలం."

విరూపణ్ణ అటు వెళ్లగానే ఓబులయ్య నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. భార్య మల్లాంబ మెల్లగా అంది, "ఊయల విప్పేద్దామా?"

"విప్పి పిల్లనెక్కడ పడుకోబెడతావే, పొయ్యి మీదా?" అని విసుక్కున్నాడు పాపం.

కాళ్లావేళ్లా పడదామని మిట్టమధ్యాహ్నం కోశాగారానికి వెళ్లాడు. తెర వెనక నుంచి గురక వినబడింది. ఓబులయ్య తెర కొంచెం తొలగించి చూశాడు. బతిమాలడం మానేసి, తిన్నగా రాజుగారి దగ్గరికి నడిచాడు.

"ప్రభూ, పన్ను కట్టని ఇల్లొకటి కనిపెట్టాను. దయచేస్తే చూపిస్తాను."

రాజుగారు వచ్చారు. తెర తీస్తే ఏముంది? బూరుగుదూది పరుపు, ఊరగాయ జాడీ, దండెం మీద ఆరేసిన పంచె, పరుపు మీద విరూపణ్ణ.

విరూపణ్ణ ఉలిక్కిపడి లేచాడు. "ప్రభూ, తమ పనిలోనే అలిసిపోయి ఒక్క కునుకు తీశాను. తప్పా?"

"తప్పేం లేదు స్వామీ" అన్నాడు ఓబులయ్య చేతులు కట్టుకుని. "ఇంటి వస్తువు కనిపిస్తే ఇల్లేనని తమరే సెలవిచ్చారు. ఈ ఇంటికి నలభై రెండు గడపలున్నాయి. జరిమానా పదింతలు."

"బాగుందయ్యా! పరుపు వేసినంత మాత్రాన కోశాగారం ఇల్లెలా అవుతుంది?"

"ఊయల కట్టినంత మాత్రాన నా రాతగది ఇల్లెలా అయిందో, అలాగే స్వామీ."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "ఏం విరూపణ్ణా, నలభై రెండు గడపలకూ కడతావా, అతని ఒక్క గడప వదిలేస్తావా?"

"వదిలేశాను ప్రభూ" అంటూ విరూపణ్ణ పరుపు చుట్టడం మొదలుపెట్టాడు.

రాజుగారు అక్కడికక్కడే లేఖకులందరికీ మాఫీ ఖాయం చేసి, వేలి ఉంగరం తీసి ఓబులయ్య చేతిలో పెట్టారు. అంత తొందరగా ఆయన ఎవరికీ ఏదీ ఇచ్చి ఎరగరు. రోజూ నిండుకొలువులో తాను తీసే కునుకు సంగతి ఓబులయ్య ఎక్కడ ఎత్తుతాడోనని భయం కాబోలు.