మూడో పిలుపు

కెజియా తీసిన హాస్య చిత్రం మొదటి సన్నివేశానికి ఒక్కరూ నవ్వలేదు.

విశాఖలో ఆమె చదివే సినిమా బడి పిల్లలు తీసే హాస్య చిత్రాలన్నీ ఒకేలా మొదలవుతాయి. అలారం మోగుతుంది. హీరో లేవడు. పక్క మంచం మీదివాడు తంతాడు. హీరో కింద పడతాడు. కెజియాకి అది చూస్తేనే ఒళ్లుమంట. అలారం తీసేసింది, తన్నడం తీసేసింది, పడడమూ తీసేసింది. ఆమె హీరో చప్పుడు లేకుండా లేచి, రెండు నిమిషాలు కిటికీలోంచి చూస్తాడు. అంతే.

"ఇందులో నవ్వెక్కడుంది?" అన్నందుకు షూటింగ్ మొదట్లోనే స్నేహితుడు భానోజీతో పోట్లాడింది. అతను వెళ్లిపోయాడు. అతని వెనకే జట్టులో మిగతావాళ్లూ వెళ్లిపోయారు. హీరో వేషం వేసిన నూకరాజు ఒక్కడే మిగిలాడు. కెమెరా తనే నిలబెట్టుకుని, లైట్లు తనే మోసుకుని తీసింది.

ఆ మొదలు మార్చకపోతే సోమవారం జరిగే బడి ప్రదర్శనలో ఆ సినిమా ఉండదన్నారు బడివాళ్లు.

కెజియా పైడయ్య మాస్టారి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆ బడిలోనే నటన నేర్పుతాడు. అంతకు ముందు నలభై ఏళ్లు వీధి నాటకాల్లో హాస్యగాడు. ఖాళీ కడుపుతో జనాన్ని నవ్వించినవాడికి ఓపిక తక్కువ.

"అందరూ అదే తీస్తారు మాస్టారూ. నేనా మూస పగలగొట్టాను. వీళ్లకి అర్థం కాలేదు."

"జనాన్ని తిట్టకు. చేతిలో కుండే లేదు, ఏటి పగలగొట్టావే నువ్వు?" అని కసిరి, ఆమెని క్లాసులోకి తీసుకుపోయాడు. "కూచో. మా నాటకం ఎలా మొదలయ్యేదో చూడు."

క్లాసులో పదిమంది ఉన్నారు. ముసలాయన వేదికెక్కి, నడుం మీద చెయ్యేసుకుని కేకపెట్టాడు.

"ఒరే సింహాద్రీ! ఎక్కడ చచ్చావురా?"

వెంటనే దిగి కిటికీ దగ్గరికి పరిగెత్తి, ముక్కుగొంతుతో తనే పలికాడు. "ఆఁ, వస్తన్నా!"

మళ్లీ వేదిక మీదికి ఉరికాడు. పిల్లలు నవ్వారు.

"ఒరే సింహాద్రీ! జనం చూస్తన్నార్రా!"

ఈసారి బల్ల కింద దూరాడు. "ఆఁ, వస్తన్నా, బువ్వ తింటన్నా!"

డెబ్బై ఏళ్ల మనిషి మోకాళ్ల మీద పాకుతూ బయటికొస్తుంటే కెజియా కూడా పడీపడీ నవ్వింది.

మూడోసారి పిలిచాడు. "ఒరే సింహాద్రీ!"

అందరి తలలూ ముందే తిరిగాయి. ఒకరు తలుపు వైపు, ఒకరు బీరువా వైపు. పెదాల మీద నవ్వు సిద్ధంగా ఉంది.

పైడయ్య కదల్లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఫ్యాను చప్పుడు వినబడింది. ఇంకా అలాగే నిలబడ్డాడు. పెదాల మీదికొచ్చిన నవ్వుని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు.

కాసేపటికి ఆయన దిగి చెప్పులు వేసుకున్నాడు.

"తర్వాతేంటి మాస్టారూ?" అంది కెజియా.

"తర్వాతేటీ లేదు. సింహాద్రి ముప్పై ఏళ్లు పలికాడు. పోయి ఆరేళ్లయింది."

ఆయన వెళ్లిపోయాడు. కెజియా ఖాళీ వేదికని చూస్తూ మూడు పిలుపుల్నీ వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత క్యాంటీన్‌కెళ్లి భానోజీ ఎదుట కూలబడింది.

"ఒరే, తప్పు నాదే. నూకరాజుని తన్నడానికో మనిషి కావాలి."

భానోజీ టీ గ్లాసు దించకుండానే అడిగాడు. "ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

సోమవారం హాలు నిండింది. తెర మీద అలారం మోగింది. పక్క మంచం మీంచి భానోజీ తన్నాడు. నూకరాజు పడ్డాడు. జనం నవ్వారు. మర్నాటి అలారానికి దుప్పట్లో దాక్కున్నా తన్ను తప్పలేదు. ఇంకా గట్టిగా నవ్వారు.

మూడో అలారం. నూకరాజు నడుముకి రెండు దిళ్లు కట్టుకుని పడుకున్నాడు. హాలు ముందే నవ్వింది. అతను కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి కాచుకున్నాడు.

తన్ను పడలేదు.

ఒక కన్ను తెరిచి చూశాడు. పక్క మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. అలారం మోగుతూనే ఉంది.

నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

వెనక వరసలోంచి, చీకట్లో, ముసలి ముక్కుగొంతు ఒకటి మెల్లిగా పలికింది.

"ఆఁ... వస్తన్నా."