నూకాలు దుబాసీ కొలువు

సముద్రం ఒడ్డున ఒక చిన్న రాజ్యం ఉండేది. ఓడల మీద వచ్చే అరబ్బు వర్తకుల మాట రాజుగారికీ, రాజుగారి మాట వాళ్లకీ చెప్పడానికి దుబాసీ కావాలని ఒకరోజు దండోరా వేయించారు.

రేవులో ఎండుచేపలు అమ్మే నూకాలు కూడా వెళ్లింది. సముద్రం మీద చేపల వేటకెళ్లిన మొగుడు తిరిగి రాలేదు, ఇంట్లో ముసలి అత్తను తనే సాకాలి. ఓడవాళ్లతో బేరాలాడీ ఆడీ వాళ్ల భాష బాగా పట్టుబడింది.

మంత్రి మీసం దువ్వుకుంటూ, "పక్క రాజు అరబ్బుల దగ్గర గుర్రాలు కొన్నప్పుడు అటూ ఇటూ మాట చెప్పింది నువ్వేనటగా? ఆ గుర్రాలు ఎవరి మీదకో, లోపల ఏం మాట్లాడుకున్నారో చెప్పు. కొలువు నీదే!" అన్నాడు.

"అలాగే బాబూ. ముందు మన కోటగోడ ఎక్కడ బలహీనంగా ఉందో తమరు చెప్పండి" అంది నూకాలు.

"ఎంత పొగరే నీకు! అది నీకెందుకు?"

"రేపు పక్క రాజుగారూ కొలువిస్తానని పిలిచి ఇలాగే అడుగుతారు కద బాబూ. వట్టి చేతుల్తో ఎలా వెళ్లను?"

తెర వెనక వింటున్న రాజుగారు పకపకా నవ్వుతూ బయటికొచ్చి, "ఈమెను ఇప్పుడే కొలువులో పెట్టండి, వర్తకులు కాచుకుని ఉన్నారు" అన్నారు.

ఆ సాయంత్రం అత్త గుమ్మంలోనే పట్టుకుంది. "ఏటే నూకాలూ, రాజుగారు ఓడోళ్లతో ఏటి మాటాడినారే? నాకు చెప్పే, నానెవరికి చెప్తాను?"

"పులుసు చల్లారిపోతంది అత్తా, తిను" అంది నూకాలు.