సుంకులమ్మ చేను

రాయి తవ్వినవాళ్లు గోతులు పూడ్చి, భూమిని సాగుకు పనికొచ్చేలా తిరిగివ్వాలని రాజుగారి శాసనం. సుంకులమ్మ చేను తవ్వేసిన గనిదారు మాత్రం గొయ్యిని అలాగే వదిలేశాడు. వానలకు అది నిండింది. ఆమెకున్న ఒక్క ఎద్దూ అందులో పడి చచ్చింది.

తనిఖీకి వచ్చిన గనుల అధికారి గనిదారు ఇంట్లో విందారగించి, గట్టున నిలబడ్డాడు. "గొయ్యి నిండిపోయింది. చేను చేనులాగే ఉంది," అని ఊరందరి ముందూ తేల్చేశాడు.

సుంకులమ్మ చేతులు జోడించింది. "సంతోషం దొరా. తమరే చేలోకి దిగి, మొదటి గింజ మీ చల్లని చేత్తో చల్లండి."

జనం పక్కకు జరిగి దారిచ్చారు. అధికారి నీళ్లవైపు చూసి వెనకడుగు వేశాడు. "నాకు ఈత రాదు."

"చేలో నడవడానికి ఈతెందుకు దొరా?"

జనం గొల్లుమన్నారు. అధికారి ముఖం మాడ్చుకుని, గొయ్యి వెంటనే పూడ్చమని ఆజ్ఞాపించాడు.

మర్నాటినుంచి బండ్లు మట్టి తెచ్చి పోశాయి. మంచి నల్లరేగడి. సుంకులమ్మ ఆ మట్టిని తడిమి చూసి మురిసిపోయింది. ఎక్కడిదని బండివాణ్ని అడిగింది.

"ఏటవతల మీ చెల్లెలి చేను తవ్వుతున్నారమ్మా," అన్నాడతను.

ఆమె అధికారి దగ్గరికి పరుగెత్తింది.

"నీ గొయ్యి పూడ్చాంగా! ఆ చేను నీది కాదుగా!" అని ఆయన పల్లకీ ఎక్కాడు.